ఆసుపత్రి తలుపులు తెరిపించినవారు

డాక్టరు ఉన్నాడు. జబ్బేమిటో తెలుసు, చికిత్స ఏమిటో తెలుసు. పెద్దాసుపత్రి ఊళ్లోనే ఉంది. అయినా రోగికి మంచం దొరకలేదు. 1960ల మొదట్లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరో పట్టణంలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే దంతవైద్యుడికి ఎదురైన పరిస్థితి ఇది. ఆయన దగ్గరికి వచ్చిన రోగికి జ్ఞానదంతం దగ్గర చీము పట్టింది. దవడ వాచింది, జ్వరం కాస్తోంది. పంటి నొప్పే కదా అని ఊరుకుంటే ఇన్ఫెక్షన్ మెడలోకి, రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రిలో చేర్చాల్సిన కేసు అది.

ఊళ్లో అన్ని సౌకర్యాలున్న ఆసుపత్రులు రెండు: మోజెస్ కోన్, వెస్లీ లాంగ్. సిమ్‌కిన్స్ నల్లజాతివాడు, ఆయన రోగీ నల్లజాతివాడే. వెస్లీ లాంగ్‌లో నల్లజాతి రోగులకు ప్రవేశమే లేదు. మోజెస్ కోన్‌లో కొద్దిమందిని, అదీ షరతుల మీద, చేర్చుకునేవారు. నల్లజాతి డాక్టర్లకు మాత్రం రెండింటిలోనూ పనిచేసే హక్కు లేదు. అంటే అక్కడ చేరాలనుకున్న రోగి తన సొంత డాక్టరును గుమ్మం బయటే వదులుకోవాలి. ఇక మిగిలింది నల్లజాతివారి కోసం నడిచే ఎల్. రిచర్డ్‌సన్ ఆసుపత్రి. అక్కడ మంచాలన్నీ నిండిపోయాయి, వారాల తరబడి ఆగాలన్నారు. చీము వారాల తరబడి ఆగదు.

ఆరోగ్య సమానత అంటే ఏమిటని అడిగేవారికి ఈ ఒక్క కేసు చాలు. ఎవరికి ఏ వైద్యం అవసరమో అది వారికి అందడం, రంగు, కులం, డబ్బు, ఊరు దానికి అడ్డం రాకపోవడం, అదే సమానత. ఆ అడ్డు అమెరికాలో ఎలా కట్టారో, దాన్ని ఎవరు, ఏ పద్ధతిలో కూల్చారో తెలుసుకోవడం మనకూ పనికొచ్చే పాఠం.

అడ్డుగోడ ఎలా కట్టారు?

ఈ వివక్ష ఒక ఆసుపత్రి యాజమాన్యం సంకుచితత్వంతో వచ్చింది కాదు. ఒక నిబంధన మీద ఇంకో నిబంధన పేర్చుకుంటూ కట్టిన వ్యవస్థ అది. అప్పట్లో చాలాచోట్ల ఆసుపత్రిలో రోగులను చేర్చి చికిత్స చేసే హక్కు రావాలంటే డాక్టరుకు స్థానిక వైద్య సంఘంలో సభ్యత్వం ఉండాలి. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ సంఘాలు నల్లజాతి డాక్టర్లను చేర్చుకునేవి కావు. సభ్యత్వం లేదు గనక హక్కు లేదు. హక్కు లేదు గనక స్పెషలిస్టుగా ఎదిగే శిక్షణ దొరకదు. శిక్షణ లేదు గనక అర్హత చాలదని మళ్లీ తిప్పి పంపడం. ఏ గుమ్మంలో అడిగినా పక్క గుమ్మం చూపించేవారు.

స్థానిక సంఘాలు ఇలా చేస్తున్నా జాతీయ స్థాయిలోని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అడ్డు చెప్పలేదు. అందుకే నల్లజాతి వైద్యులు 1895లోనే అట్లాంటాలో నేషనల్ మెడికల్ అసోసియేషన్ పేరుతో తమ సంఘం తాము పెట్టుకున్నారు. 1910లో వైద్యవిద్యపై అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఇచ్చిన నివేదిక తర్వాత చాలా వైద్య కళాశాలలు మూతపడ్డాయి. నల్లజాతివారి కళాశాలలు ఏడింటిలో చివరికి హోవర్డ్, మెహారీ రెండే నిలిచాయి. దేశం మొత్తానికి నల్లజాతి డాక్టర్లను తయారుచేసే భారం దశాబ్దాల పాటు ప్రధానంగా ఆ రెండింటి మీదే పడింది.

1946లో ఆ గోడకు ప్రభుత్వ ముద్ర కూడా పడింది. ఆసుపత్రుల నిర్మాణానికి ఫెడరల్ ప్రభుత్వం నిధులిచ్చేలా హిల్-బర్టన్ చట్టం వచ్చింది. వివక్ష కూడదని చెబుతూనే, నల్లవారికి వేరుగా సమాన సౌకర్యం ఉంటే చాలునని అందులో మినహాయింపు పెట్టారు. గ్రీన్స్‌బరోలో మోజెస్ కోన్ ఆసుపత్రికి ఈ చట్టం కింద సుమారు 12.7 లక్షల డాలర్లు, వెస్లీ లాంగ్‌కు సుమారు 19.5 లక్షల డాలర్లు అందాయి. ఆ డబ్బులో నల్లజాతివారు కట్టిన పన్నులూ ఉన్నాయి. తాము డబ్బిచ్చి కట్టించిన భవనంలోకి తమకే ప్రవేశం లేదన్నమాట.

పదకొండు మంది సంతకాలు

సిమ్‌కిన్స్ ఊరికే ఊరుకునే మనిషి కాదు. 1955లో, నల్లవారిని రానివ్వని ఊరి గోల్ఫ్ మైదానానికి స్నేహితులతో కలిసి వెళ్లి ఆడి అరెస్టయ్యాడు. పౌరహక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ స్థానిక శాఖకు అధ్యక్షుడు. తన రోగి విషయంలో జరిగినదాన్ని ఒక మనిషి దురదృష్టంగా వదిలేయకుండా కోర్టుకెక్కాలని నిశ్చయించుకున్నాడు. కానీ ఒంటరిగా వెళ్లలేదు. 1962 ఫిబ్రవరిలో దావా వేసింది పదకొండు మంది: ఆరుగురు డాక్టర్లు, ముగ్గురు దంతవైద్యులు, ఇద్దరు రోగులు. అందరూ నల్లజాతివారే.

వీరిలో ఆల్విన్ బ్లౌంట్ అనే సర్జన్ ఉన్నాడు. కొరియా యుద్ధంలో సైనిక వైద్యశాలలో శస్త్రచికిత్సలు చేసివచ్చిన మనిషి. యుద్ధభూమిలో గాయపడిన సైనికుల ప్రాణాలు ఆయన చేతిలో పెట్టిన దేశం, సొంత ఊళ్లో ఆపరేషన్ థియేటర్లోకి అడుగు పెట్టనివ్వలేదు.

డాక్టర్లు, రోగులు కలిసి సంతకం పెట్టడంలో గొప్ప తెలివి ఉంది. డాక్టర్లే వేసి ఉంటే అది వృత్తివాళ్ల సొంత తగాదాగా కనిపించేది. రోగులే వేసి ఉంటే ఒక్కో కేసు విడివిడిగా తేలిపోయేది. ఇద్దరూ ఒకే కాగితం మీదికి రావడంతో మొత్తం వ్యవస్థే బోనెక్కింది. ఎన్ఏఏసీపీ న్యాయ సహాయ నిధి లాయర్లు కేసు చేపట్టారు. తమ వాదనను ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పారు: ప్రభుత్వ సొమ్ము తీసుకున్నాక, ప్రభుత్వ ప్రణాళికలో భాగమయ్యాక, మాది ప్రైవేటు ఆసుపత్రి, మా ఇష్టం అనడం చెల్లుతుందా?

అమెరికా న్యాయశాఖ సైతం వాదుల పక్షాన నిలిచింది. ఒక ఫెడరల్ చట్టంలోని నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని ఫెడరల్ ప్రభుత్వమే కోర్టులో చెప్పడం అరుదైన సంగతి. కింది కోర్టు 1962 డిసెంబరులో దావా కొట్టేసింది. వాళ్లు వదల్లేదు. 1963 నవంబరు 1న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 3-2 మెజారిటీతో వారికి అనుకూలంగా తీర్పునిచ్చింది. ‘వేరుగా, సమానంగా’ అన్న మినహాయింపు చెల్లదంది. 1964 మార్చిలో సుప్రీంకోర్టు ఆసుపత్రుల అప్పీలును విచారణకు తీసుకోలేదు. దాంతో తీర్పు నిలిచింది. ఆ ఏడాదే బ్లౌంట్ మోజెస్ కోన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసిన తొలి నల్లజాతి సర్జన్ అయ్యాడు.

కోర్టు బయటి పోరాటం

ఒక తీర్పుతో దేశం మారదు. తీర్పు చట్టంగా మారాలి, చట్టం అమలు కావాలి. ఆ పని చేసిన వాళ్లలో ముఖ్యుడు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అనాటమీ ప్రొఫెసర్ మాంటేగ్ కాబ్. ఆయన చొరవతో 1957 నుంచి 1963 దాకా ఏటా ఇమ్హోటెప్ సదస్సులు జరిగాయి. ఆసుపత్రులలో వివక్ష పోవాలన్నదే వాటి ఎజెండా. నేషనల్ మెడికల్ అసోసియేషన్, ఎన్ఏఏసీపీ, నేషనల్ అర్బన్ లీగ్ కలిసి వాటిని నిర్వహించాయి. దేశంలోని పెద్ద వైద్య, ఆసుపత్రి సంఘాలను కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని పిలిచాయి. ఆ సంఘాల నుంచి స్పందన అంతంతమాత్రమే. మర్యాదగా పిలిస్తే పలకలేదు గనక, 1963 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మహాసభ బయట డాక్టర్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. న్యూయార్క్‌కు చెందిన జాన్ హోలోమన్, మిసిసిపీ నుంచి వచ్చిన రాబర్ట్ స్మిత్ లాంటి నల్లజాతి వైద్యులతో పాటు శ్వేతజాతి డాక్టర్లు కూడా ఆ వరుసలో ఉన్నారు.

1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. అందులో ఆరవ అధ్యాయం సారాంశం ఇది: ఫెడరల్ నిధులు అందుకునే ఏ కార్యక్రమంలోనూ జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా వివక్ష కూడదు. గ్రీన్స్‌బరో వాదులు కోర్టులో నిలబెట్టిన సూత్రమే దేశమంతటికీ శాసనమైంది.

డబ్బుకు పెట్టిన షరతు

1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టంపై సంతకం చేశారు. 65 ఏళ్లు దాటినవారి ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వ బీమా భరిస్తుందన్నది ఆ పథకం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. నల్లజాతి వైద్యుల సంఘం మద్దతిచ్చింది. వృద్ధులే ఎక్కువగా ఆసుపత్రుల్లో చేరతారు కాబట్టి ఈ సొమ్ము వద్దనుకునే స్తోమత చాలా ఆసుపత్రులకు లేదు. 1966 జులై 1న పథకం మొదలు. ఆలోపు వివక్ష మానినట్టు రుజువు చేసుకోని ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదని ప్రభుత్వం తేల్చి చెప్పింది.

కాగితం మీద హామీ రాసిస్తే ఒప్పుకోలేదు. వివిధ శాఖల నుంచి దాదాపు వెయ్యి మందిని సమీకరించి ఆసుపత్రులకు తనిఖీకి పంపారు. వాళ్లు చూసినవి చాలా మామూలు విషయాలు. ఇద్దరుండే గదుల్లో నల్లవారిని, తెల్లవారిని కలిపి ఉంచుతున్నారా? క్యాంటీన్ ఒకటా, రెండా? నిల్వ ఉంచిన రక్తం సీసాల మీద జాతి పేరు రాసి ఉందా? నల్లజాతి డాక్టర్లకు పనిచేసే హక్కు ఇచ్చారా? కొన్నిచోట్ల తనిఖీ రోజున మాత్రం రోగులను గదులు మార్చి, అధికారులు వెళ్లగానే మళ్లీ పాత గదులకు పంపేవారు. ఈ నాటకాన్ని బయటపెట్టింది అక్కడే పనిచేసే నల్లజాతి నర్సులు, ఆయాలు, ఇతర సిబ్బంది. ఉద్యోగం పోతుందని తెలిసీ లోపలి సమాచారం తనిఖీ బృందాలకు, ఎన్ఏఏసీపీ స్థానిక కార్యకర్తలకు గుట్టుగా చేరవేశారు. కాబ్ పేరు చరిత్రలో ఉంది. ఆ ఆయాల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. కానీ వాళ్లు లేకపోతే ఆ చట్టానికి కళ్లు ఉండేవి కావు.

నాలుగు నెలలు తిరక్కుండా వెయ్యికి పైగా ఆసుపత్రులు తమ వార్డులను, వైద్య సిబ్బందిని కలిపేశాయి. తరతరాలుగా కదలనిది నెలల్లో కదిలింది. ఫలితం ప్రాణాల్లో కనిపించింది. మిసిసిపీలో ఆసుపత్రుల తలుపులు తెరుచుకున్నాక నల్లజాతి పసిపిల్లల మరణాలు, ముఖ్యంగా అతిసారం, న్యుమోనియా వల్ల జరిగేవి, బాగా తగ్గాయని ఆర్థికశాస్త్రజ్ఞుల పరిశోధన తేల్చింది. వేళకు సెలైనో, యాంటీబయాటిక్కో అందితే బతికే పిల్లలు వాళ్లు. అంతకుముందు వాళ్లను చంపింది రోగం ఒక్కటే కాదు.

మిగిలిపోయిన పని

ఈ విజయానికి హద్దులున్నాయి. డాక్టర్ల ప్రైవేటు క్లినిక్‌లను దశాబ్దాల పాటు ఈ షరతు నుంచి మినహాయించారు. రోగులు పెద్ద ఆసుపత్రులకు మళ్లడంతో, నల్లజాతివారు చెమటోడ్చి నిలబెట్టుకున్న సొంత ఆసుపత్రులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎందరో నల్లజాతి వైద్యులకు, నర్సులకు శిక్షణనిచ్చిన సెయింట్ లూయిస్‌లోని హోమర్ జి. ఫిలిప్స్ ఆసుపత్రి 1979లో మూతపడింది. క్షమాపణలకు చాలా కాలం పట్టింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2008లో చెప్పింది. గ్రీన్స్‌బరోలో మోజెస్ కోన్ ఆసుపత్రిని నడిపే సంస్థ 2016లో చెప్పింది. అప్పటికి ఆ పదకొండు మందిలో బతికున్నది బ్లౌంట్ ఒక్కరే. మరుసటి ఏడాది ఆయనా కన్నుమూశారు.

తలుపు తెరుచుకున్నంత మాత్రాన లోపల అందరికీ ఒకే వైద్యం అందుతోందని చెప్పలేం. 2023 లెక్కల ప్రకారం అమెరికాలో లక్ష సజీవ జననాలకు శ్వేతజాతి తల్లుల మరణాలు 14.5 అయితే నల్లజాతి తల్లుల మరణాలు 50.3. మూడు రెట్లకు పైగా తేడా. ఈ సమస్య మీద 2019లో అమెరికా పార్లమెంటులో ఇద్దరు నల్లజాతి మహిళలు కలిసి ఒక బృందాన్ని ఏర్పాటు చేశారు. ఒకరు ఇల్లినాయ్‌కి చెందిన లారెన్ అండర్‌వుడ్, స్వయంగా నర్సు. రెండోవారు నార్త్ కరోలినాకు చెందిన ఆల్మా ఆడమ్స్. సిమ్‌కిన్స్ దావా వేసిన గ్రీన్స్‌బరోలోనే ఆమె ఏళ్ల తరబడి కాలేజీలో పాఠాలు చెప్పారు, నగర పాలకమండలిలో పనిచేశారు. వారు తెచ్చిన బిల్లుల సముదాయం మొత్తంగా ఇంకా చట్టం కాలేదు. కానీ మాజీ సైనికోద్యోగులైన తల్లుల సంరక్షణకు ఉద్దేశించిన బిల్లు 2021లో చట్టమైంది.

ఈ చరిత్రతో తెలుగువారికి నేరుగా ఒక సంబంధం ఉంది. మన డాక్టర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లగలిగింది 1965 వలస చట్టం దేశాలవారీ కోటాలను ఎత్తేశాకే. పౌరహక్కుల ఉద్యమం మార్చిన వాతావరణంలోనే ఆ చట్టమూ వచ్చింది. గుంటూరు, కర్నూలు, వరంగల్, హైదరాబాదు వైద్య కళాశాలల్లో చదివినవారు అక్కడి ఆసుపత్రుల్లో ఈ రోజు తలెత్తుకుని పనిచేస్తున్నారంటే, రంగు చూసి హక్కు నిరాకరించే పద్ధతిని వాళ్ల కంటే ముందే కొందరు కూల్చి ఉన్నారు. వీసా నిబంధనల వల్ల డాక్టర్లు తక్కువగా ఉన్న పల్లెల్లో, పేదల పేటల్లో మూడేళ్లు పనిచేసే మనవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మూడేళ్లను ఎలాగో గడిపేయాల్సిన శిక్షగా చూడొద్దని వారికి నా మనవి. సిమ్‌కిన్స్, బ్లౌంట్, కాబ్‌లు మొదలుపెట్టిన పనిలో అది వారి వంతు.

వివక్ష తప్పని అందరూ ఒప్పుకున్నందువల్ల అమెరికా ఆసుపత్రులు మారలేదు. దెబ్బ తిన్నవాళ్లు ఒక్కటయ్యారు. డాక్టరు, రోగి, లాయరు, ఆయా ఎవరి చేతనైనది వాళ్లు చేశారు. ప్రజల సొమ్ము తీసుకున్నవాడు ప్రజలందరికీ జవాబు చెప్పాలన్న ఒక్క సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నారు. ఏ దేశంలోనైనా ప్రజాధనంతో నడిచే ఆసుపత్రిని ఆ ప్రశ్న అడిగే హక్కు పౌరులకుంది. ఒక్కరు అడిగితే అది ఫిర్యాదుగా ఫైలులో ఉండిపోతుంది. పదిమంది కలిసి అడగండి, జవాబు చెప్పక తప్పదు.