పాలు విరగని నిమ్మ

మరుగుతున్న పాల టీలో నిమ్మకాయ పిండితే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. అదే టీలో నాలుగు నిమ్మగడ్డి ఆకులు తుంచి వేయండి. ఇల్లంతా నిమ్మ వాసన, పాలు మాత్రం విరగవు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఏ వంటింట్లోనైనా పది నిమిషాల్లో తేలిపోయే ప్రయోగం ఇది. నిమ్మ అని మనం ఒక్క మాటలో అనేదాంట్లో పులుపు వేరు, వాసన వేరు.

పులుపు సిట్రిక్ ఆమ్లానిది. పాలను విరిచేదీ అదే. వాసన సిట్రాల్ అనే నూనె పదార్థానిది. నిమ్మతొక్క నూనెలో ఇది మామూలుగా నూటికి ఐదు పాళ్ల లోపే. ఎక్కువ భాగం లిమోనీన్. నిమ్మగడ్డి నూనెలో మాత్రం సిట్రాల్ సుమారు 70 నుంచి 80 శాతం. అంటే వాసనలో గడ్డి కాయను మించిపోయింది, పులుపు మాత్రం దానికి లేదు.

కాబట్టి ఉగ్గానిలోకో చిత్రాన్నంలోకో నిమ్మకాయ బదులు గడ్డి వేస్తే చప్పగా ఉందని ఇంట్లోవాళ్లు లేచిపోతారు. ఈ గడ్డి వాడటంలో ఆరితేరిన థాయిలాండ్ వాళ్లు కూడా తమ టామ్ యమ్ చారులో గడ్డి మరిగించి, నిమ్మరసం వేరుగా పిండుతారు. మన చిత్రాన్నానికీ అదే దారి. కాడ తెల్లని మొదలు రోకలితో ఒక్క పోటు వేసి, తిరగవాత నూనెలో సన్నని సెగ మీద కాసేపు ఉంచి తీసేయండి. నిమ్మరసం పొయ్యి దించాకే.

నూనెలోనే ఎందుకు? సిట్రాల్ నీళ్లలో సరిగా కరగదు. నూనెలో, పాల వెన్నలో ఇట్టే కలుస్తుంది. అది ఆకు లోపలి కణాల్లో దాగి ఉంటుంది కాబట్టి నలపనిదే బయటికి రాదు. బయటికొచ్చాక ఆగదు. దాని మరుగు స్థానం 229 డిగ్రీల దాకా ఉన్నా, నీటి ఆవిరి వెంట 100 డిగ్రీల దగ్గరే లేచిపోతుంది. గడ్డి నుంచి నూనె తీసే బట్టీలు పనిచేసేది ఈ గుణం మీదే. మూత లేకుండా మరిగిస్తే మన గిన్నే ఆ బట్టీ అవుతుంది: ఘుమఘుమ వీధిలోకి, గడ్డి కషాయం గ్లాసులోకి. టీకైతే ముందు నీళ్లలో వేసి, మూతపెట్టి, ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత పాలు, టీపొడి వేసుకోవడం మేలు.

ఒకప్పుడు నిమ్మగడ్డి నూనె కొచ్చి రేవు నుంచి విదేశాలకు వెళ్లేది. విటమిన్ ఎ కృత్రిమంగా తయారుచేయడానికి సిట్రాల్ ఒక ముడిసరుకు. కేరళలోని ఓడక్కాలిలో 1951లో ఈ గడ్డి కోసమే పరిశోధనా కేంద్రం పెట్టారు.

మన చేలో జొన్న ఈ గడ్డికి దాయాది. రెండూ ఎండకు బెదరవు. చొప్పలాగే దీని పీచూ నమలడానికి పనికిరాదు, అందుకే వంటయ్యాక తీసేయాలి. ఆకు అంచు వేలిని కోస్తుంది, జాగ్రత్త. మిద్దె మీద కుండీలో ఒక్క పిలక నాటితే చాలు. నల్లరేగడి ఒక్కటే నింపితే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, ఇసుక కలపండి. నర్సరీలో దోమలకని అమ్మే సిట్రొనెల్లా గడ్డి చూడ్డానికి ఇలాగే ఉంటుంది. కొనేముందు ఆకు నలిపి చూడండి. నిమ్మ బదులు సబ్బు వాసన కొడితే వంటింటికి తేకండి.