మిడిల్ ఎర్త్ కాకులు: అపోహలు – వాస్తవాలు

టోల్కిన్ కల్పించిన మిడిల్ ఎర్త్ అను లోకమును గ్రంథముల మూలమున గాక వెండితెర మీదనే మొదట చూచినవారికి, నల్లని రెక్క కనబడుటయే తడవుగా శత్రువుల వేగు వచ్చెనని తోచుట సహజమే. ఏలయన చలనచిత్రమున క్రెబైన్ అను కాకుల దండు సారుమాన్ అను దుష్టమాంత్రికుని పనుపున ఆకాశమెల్ల క్రమ్మి వచ్చును. అంతమాత్రమున కాకిజాతి యావత్తు ఆ లోకమున దుష్టపక్షమునకు అమ్ముడుపోయినదని తీర్మానించుట న్యాయము కాదు. 1954లో వెలువడిన 'ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్'లో ఆ దండును చూచిన అరగార్న్ అను వీరుడు, అవి ఆ ప్రాంతపు పక్షులు కావనియు, ఫాంగార్న్, డన్‌లాండ్ సీమలనుండి వచ్చినవనియు గుర్తించి, దక్షిణమున ఏదేని ఉపద్రవము పుట్టగా పారివచ్చుచున్నవేమో యని కూడ శంకించి, పిదపనే వేగు చూచుచున్నవని ఊహించును. పంపినవాని పేరు మాత్రము ఆ సందర్భమున అతడు చెప్పడు.

కాకియు రేవెనును ఒక్కటే యనునది మరియొక భ్రాంతి. రేవెన్ మన బొంతకాకి కంటె పెద్దది, తెలుగు సీమలలో కానరాని ద్రోణకాకము. 1937 నాటి 'ది హాబిట్'లో బాలిన్ అను వృద్ధ మరుగుజ్జు ఈ భేదమును ఎంత పట్టుదలతో పాటించుననగా, కాకులు అనుమానపు చూపుల నీచజీవులనియు, దారిపొడవునను తమను బండబూతులు తిట్టినవనియు ఈసడించి, రేవెన్‌లన్ననో తన జాతికి చిరకాల మిత్రములని కొనియాడును. అవి రహస్యవార్తలు తెచ్చెడివట, తళతళలాడు వస్తువులను బహుమానముగా పుచ్చుకొని గూళ్లలో దాచుకొనెడివట, దీర్ఘాయువులట, నేర్చినదానిని పిల్లలకు అప్పగించునట.

స్మాగ్ అను డ్రాగన్ రొమ్మున కవచము లేని చోటును బార్డ్ అను విలుకానికి తెలిపినది రేవెన్ అని చెప్పువారు కలరు. కాదు, అది థ్రష్ అను చిన్న పిట్ట. రేవెన్‌ల నాయకుడైన రోయాక్ చేసినది వేరు పని: స్మాగ్ చచ్చిన వార్త చెప్పి, సేనలు కదలుచున్నవని హెచ్చరించి, బంగారము కొంత పోయినను సరే, సంధియే మేలని హితవు పలికెను. నల్లపక్షి కూత కలహమునకు శకునమని నమ్మువారు ఈ ఘట్టమును మరల చదువదగును; కలహమునకు కాలు దువ్వినవాడు మరుగుజ్జుల నాయకుడైన థోరిన్.

ఇక బాలిన్ పలికిన ప్రశంసలో లోకానుభవమునకు నిలుచునది ఎంత? రోయాక్ వయస్సు 153 ఏండ్లు. కాకివలె కలకాలము బ్రతుకుట కంటె హంసవలె ఆరునెలలు బ్రతుకుట మేలను మన సామెతలోను ఈ దీర్ఘాయువు మీది నమ్మకమే యున్నది గాని, లండన్ టవర్‌లో రాజవైభవముతో పెరిగిన రేవెన్‌లలో సైతము 44 ఏండ్లు బ్రతికినదానినే వింతగా చెప్పుకొందురు. తళుకు వస్తువుల మీది మోహమును కూడ గట్టిగా నమ్మరాదు: కాకి కుటుంబమునకే చెందిన మాగ్‌పై పక్షుల ముందు ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు మెరయు వస్తువులను, మెరయనివానిని పెట్టి చూడగా, అవి రెండింటికిని జంకినవని 2014లో ప్రకటించిరి.

కేవలము కవికల్పనయని మనము నవ్వి విడిచిపెట్టెడి వంశపారంపర్యపు జ్ఞాపకమే, చిత్రముగా, పరీక్షకు నిలిచినది. 2006లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆదిమానవుని ముఖపు ముసుగు తొడుగుకొని కొన్ని కాకులను పట్టి, కాళ్లకు కడియములు వేసి విడిచిపెట్టిరి. అది మొదలు ఆ ముసుగు తొడిగినవాడెవడు కనబడినను, వాని ఎత్తు, నడక, దుస్తులు ఎట్టివైనను, పట్టుబడిన కాకులు వెంటాడి అరచెను; ఏండ్లు గడచిన కొలది, ఎన్నడును పట్టుబడనివియు, తల్లిదండ్రుల అరపులు విని పెరిగిన పిల్లలును ఆ గోలలో చేరెను. అవి రేవెన్‌లు కావు, సామాన్యములైన అమెరికా కాకులు. తిట్టుబోతులని బాలిన్ తీసిపారవేసిన జాతివే. నిజమునకు అవి ఆ ముసుగువానిపై కురిపించినవియు తిట్లే.