పొగపొయ్యిలో రెండు ఉష్ణోగ్రతలు

రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలను మండించి, ఆ పొగలో మాంసమును వండు పొయ్యిలు అమెరికాలో 1980 దశకమునుండి వాడుకలోనున్నవి. పొయ్యి సూచిక 107 డిగ్రీల సెంటీగ్రేడు చూపుచుండగా, మాంసము చెంతనుంచిన ఉష్ణమాపకము తక్కువ చూపవచ్చును. ఏది నిజము? రెండును నిజమే కావచ్చును!

పెట్టె గోడకున్న సాధనము తానున్న చోటి వేడిమినే కొలుచును. చల్లని మాంసము, దాని తేమ ఆవిరియగుటచేత, చుట్టునున్న గాలిని చల్లబరచును. గుళికలు విడతలుగా పడుటచే వేడిమి హెచ్చి తగ్గుచుండును. కావున సగటునే చూడవలెను. సాధనమునకు మసి పట్టినచో మార్పును ఆలస్యముగా తెలుపును.

ఉష్ణమాపకమును మరుగు నీటిలో పరీక్షింపవచ్చును: సముద్రమట్టమున 100 డిగ్రీలు, ఎత్తైన చోట్ల తక్కువ. అయితే గాలి వేడిమి ఎంతయున్నను, కోడిమాంసము నడుమ 74 డిగ్రీలు వచ్చిననే తినుటకు క్షేమము.