తండ్రి పత్రము, కొడుకు పొలము

అప్పెరుగని రైతు అరుదు. తండ్రి చేసిన ఋణము కొడుకు పొలమును ఎంతవరకు తాకవచ్చును? ఈ ప్రశ్న మన గ్రామములకే పరిమితమైనది కాదు. ఏడువందల యేండ్లకు పూర్వము ఇంగ్లండు దేశపు సేద్యగాండ్రును దీనినే యెదుర్కొనిరి. వారి న్యాయస్థానములు నడచిన త్రోవ మన సభ్యులు తెలిసికొనదగినదని తలచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆ కాలమున వడ్డీ పుచ్చుకొనుట క్రైస్తవ మతశాసనముచే నిషిద్ధము. అయినను అప్పిచ్చువారికి ఉపాయములు కొదువ కాలేదు. 10 పౌనుల బాకీకి 20 పౌనుల పత్రము వ్రాయించి ముద్ర వేయించుకొనెడివారు. గడువునాటికి 10 పౌనులు చెల్లినచో పత్రము రద్దగును. గడువు తప్పినచో 20 పౌనులును ఇచ్చుకొనవలసినదే.

తీర్పు పొందిన ఋణదాతకు పూర్వము సాధారణముగా ఋణస్థుని చరాస్తియు, పంటయు మాత్రమే దక్కెడివి. 1285లో మొదటి ఎడ్వర్డు రాజు కాలమున వెస్టుమినిస్టరు రెండవ శాసనము వెలువడెను. దానిచే ఋణదాత కోరుకొన్నచో చరాస్తితోపాటు భూమిలో సగమును పట్టుకొనవచ్చును. కాని దున్నెడి యెద్దులను, సేద్యపు పశువులను ముట్టరాదు. భూమి అమ్మకమునకు పోదు. మన భోగ్యపు తాకట్టువలె దాని ఫలసాయముతో బాకీ తీరువరకు ఋణదాత అనుభవించి, పిమ్మట తిరిగి యియ్యవలెను. అదే యేట వచ్చిన వర్తకుల శాసనము మరింత కఠినమైనది. నగరాధికారి యెదుట నమోదు చేయించిన బాకీ చెల్లింపనివానికి మొదట చెరసాల. మూడు మాసములలో తీర్చుకొననిచో భూమి యావత్తును వర్తకుని స్వాధీనము.

ఋణస్థుడు మరణించినచో ఏమగును? భూమి సాధారణముగా జ్యేష్ఠపుత్రునకు చెందును. కెంటు మండలమున మాత్రము కొడుకులందరును సమముగా పంచుకొనెడివారు. కొడుకులు లేనిచో కూఁతులకు సమభాగములు. వితంతువునకు జీవితాంతము మూడవవంతు అనుభవము కలదు. చరాస్తి మరణశాసన నిర్వాహకుల చేతికి పోవును. ఋణదాత మొదట వారినే అడుగవలెను. వారసుని భూమిని తాకవలెనన్న ముద్రవేసిన పత్రములో ‘నేనును, నా వారసులును’ అని స్పష్టముగా ఉండవలెను. అట్లున్నను అతనికి సంక్రమించిన భూమి విలువను మించి రాబట్టరాదు. ఆ రెండు మాటలు లేనిచో కొడుకు పొలము నిలిచెడిది. ఉన్నచో చిక్కులో పడెడిది.

ఈ రక్షణలన్నియు స్వతంత్ర భూమి కలవారికే. గ్రామప్రభువునకు లోబడి సాగుచేయు రైతు మరణించినచో, ఆచారము ననుసరించి అతని మేలైన పశువును ప్రభువు తోలుకొనిపోయెడివాఁడు. కొడుకు ప్రవేశరుసుము చెల్లించి తండ్రి పొలములో అడుగు పెట్టెడివాఁడు. ఒకచోట అప్పిచ్చినవాఁడు ముట్టరాని యెద్దు, మరియొకచోట చావుతోనే ఇల్లు విడిచెడిది.

మన దేశమున 1908 సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను సేద్యగాని పనిముట్లను, జీవనమునకు ఆవశ్యకమని కోర్టు తలచిన పశువులను, విత్తన ధాన్యమును జప్తునుండి తప్పించుచున్నది. తండ్రి ఋణము తీర్చుట పుత్రధర్మమన్న ఒక్క కారణముచే హిందూ పుత్రునిపై దావా తెచ్చుటను, 2005 హిందూ వారసత్వ సవరణ తరువాత చేసిన ఋణములకు చట్టము అంగీకరింపదు. అయినను తండ్రినుండి వచ్చిన ఆస్తి ఆ ఋణమునకు బాధ్యత వహింపవచ్చునని మరువరాదు.

కావున సభ్యులకు మా మనవి యొక్కటే. పత్రముపై వ్రేలిముద్ర గాని, సంతకము గాని చేయుటకు ముందు దానిని ఆసాంతము చదివించుకొని వినుఁడు. గడువు, అపరాధపు సొమ్ము, హామీదారుల పేర్లు, వారసుల ప్రసక్తి అడిగి తెలిసికొనుఁడు. చెల్లించిన ప్రతి వాయిదాకును రసీదు పుచ్చుకొని, అది యెచ్చట నున్నదో ఇంటిలోని వారికి తెలుపుఁడు. మన వెనుక మాటలాడునది మనము కాదు, మన పత్రమే.