చిన్న స్టేషనుల ప్యాసింజరు బండ్లు: నష్టపు లెక్క

వేగముగా పోవు క్రొత్తబండ్లను గూర్చి పత్రికలు విరివిగా వ్రాయును. పల్లెయొద్ద నాగు ప్యాసింజరు బండి రద్దయినచో ఆ సంగతి ఆ పల్లెవారికే తెలియును. ఇట్టి బండ్లకు ధనమెచ్చటినుండి వచ్చుచున్నది, అవి యేల తగ్గును, మన సంఘములు చేయదగిన పని యేమి అను మూడు విషయములను సభ్యులకు విశదపఱుప నుద్దేశించితిమి.

మొదట ధనము మాట. ప్రయాణికుడిచ్చు టిక్కెట్టు సొమ్ము బండి నడుపు ఖర్చునకు చాలదు. సగటున నూటికి 57 వంతులే ప్రయాణికులనుండి వచ్చుచున్నవని రైల్వేవారు టిక్కెట్లమీదనే అచ్చువేయించిరి. ఆ లోటు ముఖ్యముగా బొగ్గు, సిమెంటు మొదలగు సరకుల కిరాయిచే పూడుచున్నది. ఆ బొగ్గుచే పుట్టు విద్యుత్తును, ఆ సిమెంటును మనమును కొనుచున్నాము. కావున చిన్నబండికి లభించు సహాయము ఎవరో వేసిన బిచ్చము కాదు. అందు మన సొమ్మును కలదు.

సహాయము తగ్గింపదలచినపుడు బండిని తీసివేయనే యక్కరలేదు; పేరు మార్చినను చాలును. 2020 మార్చిలో కోవిడు జాడ్యమువలన దేశమంతట ప్రయాణికుల బండ్లు నిలిచెను. తరువాత మరల వచ్చిన పెక్కు ప్యాసింజరు బండ్లు ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ అను పేర వచ్చెను. కనీసపు ఛార్జీ 10 రూపాయలనుండి 30 రూపాయలాయెను. అనవసర ప్రయాణములను తగ్గించుటకే ఇట్లు చేసితిమని రైల్వేవారు చెప్పిరి. 2024 ఫిబ్రవరిలోగాని పాత ఛార్జీ తిరిగి రాలేదు. నెలకు 25 దినములు కూరగాయల గంపతో పట్నమునకు పోయివచ్చు స్త్రీకి 500 రూపాయలగు ఖర్చు ఆ కాలమున 1,500 రూపాయలాయెను. ఈ నష్టము రైల్వే లెక్కలలో కానరాదు.

కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీతీరమున కోటిపల్లి వఱకు పోవు మార్గము చరిత్ర మనమెఱుగదగినది. సుమారు 45 కిలోమీటర్ల యీ మార్గము 1928లో ఏర్పడెను. 1940లో యుద్ధావసరములకని పట్టాలను పెఱికివేసిరి. మరల బండి నడచినది 2004లో. తీయుటకు ఒక ఉత్తరువు చాలినది. తిరిగి వేయుటకు అఱువదినాలుగేండ్లు పట్టెను! దానిపై నడచిన చిన్న రైలుబస్సు 2020లో తక్కిన బండ్లతోపాటు నిలిచిపోయెను. ఒకసారి పోయినదానిని రాబట్టుట యెంత కష్టమో దీనివలన గ్రహింపవలెను.

ఇంగ్లండులోను ఇట్టి లెక్కయే జరిగెను. 1963లో డాక్టరు బీచింగ్ అను నతడు, రాబడి చాలని మార్గములను, రెండువేలకు పైబడిన స్టేషనులను మూయవలెనని నివేదిక నిచ్చెను. పల్లెవారు మోటార్లలో పెద్ద స్టేషనునకు వచ్చి బండి యెక్కుదురని తలంచిరి. పెక్కుమంది రైలునే మానిరి. పిల్లకాలువలను పూడ్చి పెద్దకాలువ నీరు పెరుగుననుకొనుట వంటి దిది. కొన్ని మార్గములు నష్టమున్నను ప్రజలకవసరమని యొప్పుకొని, వానికి ప్రభుత్వధనమిచ్చుటకు 1968లో అచ్చట చట్టము చేసిరి.

మన హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003లో మొదలయ్యెను. వెంగళరావు నగర్ సమీపమున భరత్‌నగర్, బోరబండ స్టేషనులలో అవి యాగును. ఆ మొదటి దశ వ్యయమును రాష్ట్ర ప్రభుత్వము, రైల్వే చెరిసగము భరించెను. పట్నవాసులకై రాష్ట్రము వ్యయము చేయుట న్యాయమేని పల్లెలకై చేయుటయు న్యాయమే.

ఇక సంఘములు చేయదగిన పని. మొదటిది, ప్రతి సభ్యుడును టిక్కెట్టు కొని ప్రయాణము చేయవలెను. అమ్ముడైన టిక్కెట్లనుబట్టియే చిన్న స్టేషను ఉపయోగమును లెక్కింతురు. పదిమంది యెక్కి ముగ్గురే టిక్కెట్టు కొన్నచో కాగితముపై ముగ్గురే ప్రయాణికులు. రెండవది, ఒక నెలపాటు ఎందఱు ఎక్కిరి, ఏ పనిమీద పోయిరి, ఎంత సరకు కొనిపోయిరి, బస్సున కెంత యగునో సంఘ కార్యదర్శి పుస్తకమున వ్రాయించవలెను. మూడవది, ఆ లెక్కను డివిజను రైల్వే వినియోగదారుల సలహా సంఘమునకును, పార్లమెంటు సభ్యునికిని, రాష్ట్ర ప్రభుత్వమునకును పంపవలెను. ఆ సలహా సంఘములలో వ్యవసాయ సంఘముల ప్రతినిధులకును స్థానము కలదు.

బండి ఆగిపోయిన పిదప వ్రాయు నూఱు అర్జీలకంటె, నడచుచుండగా వ్రాసిన ఒక నెల లెక్క మేలు. రాబోవు సర్వసభ్య సమావేశముననే ప్రతి సంఘమును ఈ పనికి పూనుకొనవలెనని కోరుచున్నాము.