బడి విడిచిన పిమ్మట

చార్మినారునకు పడమట లాడ్ బజారునందు లక్కగాజులు బేరమాడు మన పాఠకులలో ననేకులు ఆ గాజుల పుట్టుకను చూచియుండరు. అంగళ్ల వెనుకను, యాకుత్‌పురా, తలాబ్ కట్ట మున్నగు వాడలయందును ఇరుకు గదులలో బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తపఱచి, లోహపు వలయమునకు తాపి, వేడి చల్లారక మున్నే రాళ్లు పొదుగుదురు. కుంపటిపని తఱచుగా పురుషులది. రాళ్ల పని పెక్కిండ్ల స్త్రీలది. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. పొదిగిన చేతికి మాత్రము జతకింత యను కూలియే.

ఆమె బయటికి పోయి యేల పనిచేయదని అడుగువారు కలరు. పరదాయని, ఆచారమని వారే సమాధానము చెప్పుకొందురు. ఆచారము లేదని మేమనము. కాని ఆచారముకంటె ముందు గడియారమును చూడవలెను. బడి సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున విడుచును. అంగడిలోనో, ఆసుపత్రిలోనో, కుట్టుపని శాలలోనో కొలువు ఆరింటికి గాని ముగియదు. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు; రంజాను మాసమున ఉర్దూ మాధ్యమ పాఠశాలలు మధ్యాహ్నముతోనే సరి; పిదప వేసవి సెలవులు. ఏ యజమానుడు ఇన్ని మినహాయింపుల నొసగును? పిల్లలు ఖురాను చదువునకు పోవు గంటసేపు తల్లికి కొంత తెఱపి చిక్కును. ఆ గంటలో కూలికి పోయి రాగలదా?

అమ్మమ్మలు, నాయనమ్మలు లేరా యందురు మన పెద్దలు. ఉన్నచోట ఉన్నారు, వారిలోను పలువురు రాళ్లే పొదుగుచున్నారు. తండ్రుల మాట యెత్తకుండుటయే మర్యాద కాబోలు! 2019 నాటి జాతీయ కాలవినియోగ పరిశీలనము ప్రకారము, జీతములేని యింటిపనిలో పాల్గొను స్త్రీ దానికి దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించిరి.

ప్రభుత్వమువారికి శిశువులయెడ శ్రద్ధ లేదనజాలము. 1948 నాటి కర్మాగారముల చట్టము విధించిన శిశుగృహములు, 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు, 2022లో పాల్నా యని పేరు మార్చుకొన్న శిశుగృహ పథకము, అన్నియు ఆరేండ్లకడనే ఆగినవి. ఏడవయేట బిడ్డ తన్ను తానే కాచుకొనునని శాసనకర్తల నమ్మకమేమో!

మఱి ఆ ఏడేండ్ల బిడ్డ నాలుగింటికి ఇంటికి వచ్చి యేమి చేయును? తల్లిప్రక్కన కూర్చుండి రాళ్లేరి యిచ్చును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదనుచునే, అపాయకరము కాని కుటుంబవృత్తిలో బడివేళల తరువాత తోడ్పడవచ్చునని వెసులుబాటు నిచ్చినది. కుంపటి ప్రక్కన అపాయమెంతో కొలుచుటకు ఆ యింటి కెవరు వచ్చెదరు? 2015 జనవరిలో ఈ పాతనగరపు గాజుల గదులనుండియే రెండువందలకు పైబడిన పిల్లలను పోలీసువారు విడిపించిరి. వారిలో పెక్కురు బీహారునుండి తేబడినవారు. తల్లిచెంత కూర్చున్న బిడ్డకును వారికిని పోలిక లేదు, నిజమే. కాని పని యదియే, పొగ యదియే.

చిలీ దేశమువారు 2011లో ‘నాలుగు మొదలు ఏడు’ అను పేర నొక పథకము నెలకొల్పి, ఆరు మొదలు పదుమూడేండ్ల పిల్లలను సాయంకాలము ఏడు గంటలవరకు బడులలోనే ఉంచుకొనిరి. తల్లులు పనులలో చేరుట పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. అంతియకాదు, పెద్దబిడ్డకు నీడ దొరకుటతో చిన్నబిడ్డనుగూడ శిశుగృహమునకు పంపసాగిరట.

మనకు గదులున్నవి, మధ్యాహ్న భోజనపు వంటపాత్రలున్నవి. నాలుగు దాటగనే తలుపునకు తాళము పడును. అద్దెయిండ్లలో నడుచు బడులు పాతనగరమున కొన్ని కలవు. వానిని ప్రస్తుతము విడిచి, సొంత భవనములు గల పది బడులనైన ఈ విద్యాసంవత్సరమున ఏడింటివరకు తెఱచియుంచుడని విద్యాశాఖవారిని కోరుచున్నాము. పిల్లలను కనిపెట్టుటకు పదవ తరగతి దాటిన స్త్రీలు ఆ గల్లీలలోనే కలరు. వారికి ఈయవలసినది జీతము. గౌరవవేతనమను పేరిట చిల్లర కాదు. ఒంటిపూట దినములలో ఆ పది బడులు మధ్యాహ్నమునగూడ మూయరాదు.