జప్తు ఆస్తి మీద పన్ను బకాయి: చెల్లేది ఏ కోర్టు మాట?

దినపత్రికల్లో బ్యాంకుల వేలం ప్రకటనలు తరచూ చూస్తుంటాం. బజారు ధర కన్నా తక్కువకు దుకాణమో, గోదామో, ఖాళీ స్థలమో వస్తుందంటే ఎవరికైనా ఆశ కలుగుతుంది. మన దాతల్లో వ్యాపారులు ఎందరో ఉన్నారు. వేలంలో ఆస్తి కొనేవారూ, తమ ఆస్తిలో కొంత భాగాన్ని బడికో ఆసుపత్రికో రాసివ్వాలని అనుకునేవారూ ఉంటారు. ఆ ఆస్తి మీద కట్టని పన్ను బకాయి ఉంటే ఏమవుతుంది? కొన్నవారి చేతికి, లేక స్వీకరించిన సంస్థ చేతికి నిజంగా ఏం వస్తుంది? ఇది తెలుసుకోకుండా అడుగు వేస్తే మంచి సంకల్పమే చిక్కుల్లో పడుతుంది.

2018లో హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. దివాలా తీసిన ఒక కంపెనీ ఆస్తిని లియో ఎడిబుల్స్ అండ్ ఫ్యాట్స్ అనే సంస్థ లిక్విడేటర్ జరిపిన ఈ-వేలంలో కొన్నది. తీరా రిజిస్ట్రేషన్ దగ్గరకు వచ్చేసరికి, ఆదాయపు పన్ను శాఖ అంతకుముందే ఆ ఆస్తిని జప్తు చేసి ఉండటం అడ్డొచ్చింది. వేలం చట్టప్రకారమే జరిగింది. జప్తు ఉత్తర్వు కూడా చట్టంలో ఉన్న అధికారంతో ఇచ్చిందే. నడుమ ఇరుక్కున్నది కొనుగోలుదారు. జప్తు చేసినంత మాత్రాన పన్ను శాఖకు తనఖా రుణదాతతో సమానమైన హోదా రాదనీ, తన బకాయిని లిక్విడేటర్ దగ్గరే అడగాలనీ హైకోర్టు ఆ ఏడాది జూలైలో తీర్పు చెప్పింది. కొన్నవారికి న్యాయం దక్కింది. కానీ అందుకు హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

ఒకే ఆస్తి మీద ఇన్ని అధికారాలు ఎలా వచ్చాయి? తనఖా పెట్టిన ఆస్తిని బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకుంటుంది. దాని మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో డీఆర్‌టీ అనే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఇవి హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. ఆ విషయాల్లో సివిల్ కోర్టు జోక్యం చేసుకోరాదని సర్ఫేసీ 34వ సెక్షన్ అంటుంది. ఆదాయపు పన్ను బకాయిని ట్యాక్స్ రికవరీ ఆఫీసర్, జీఎస్టీని ఆ శాఖ అధికారులు వసూలు చేస్తారు. ఇక కంపెనీ దివాలా ప్రక్రియలో పడితే 2016 నాటి దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీ రంగంలోకి వస్తుంది. ప్రక్రియ మొదలవగానే మారటోరియం అమలై మిగతా వసూళ్లు ఆగిపోతాయి. వీటన్నిటి పైనా రిట్ అధికారంతో హైకోర్టు ఉంది. మిగతా చట్టాల్లో ఏమున్నా నా మాటే చెల్లుతుందని సర్ఫేసీ చట్టమూ అంటుంది, దివాలా చట్టమూ అంటుంది. తగవు అక్కడే మొదలవుతుంది.

ముందు ఎవరి బాకీ తీరాలన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మామూలు రుణదాతల కన్నా ప్రభుత్వ పన్ను ముందే గాని, తనఖా ఉన్న బ్యాంకు కన్నా ముందు కాదన్నది మూల సూత్రం. పన్నుకు తొలి హక్కు, అంటే ఫస్ట్ ఛార్జ్, ఉందని చట్టమే రాసి ఉంటే మాత్రం లెక్క వేరు. సుప్రీంకోర్టు 2000లో దేనా బ్యాంకు కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. 2009లో సెంట్రల్ బ్యాంక్ వర్సెస్ కేరళ కేసులో, అలాంటి తొలి హక్కు ఉన్న రాష్ట్ర అమ్మకపు పన్నే బ్యాంకు కన్నా ముందని తేల్చింది.

తర్వాత పార్లమెంటు 2016లో చట్టాన్ని సవరించింది. తనఖాను సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేసిన బ్యాంకుకు పన్నుల కన్నా ముందు వరుస దక్కేలా 26-ఈ సెక్షన్ తెచ్చింది. అది అమల్లోకి వచ్చింది మాత్రం 2020 జనవరి 24న. అందుకే ఆ తేదీ కీలకమైంది. అంతకుముందే పన్ను శాఖ పద్ధతి ప్రకారం జప్తు చేసి, ప్రకటన ఇచ్చి ఉంటే ఆ బకాయి తీరవలసిందేనని 2022 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది.

దివాలా విషయంలోనూ తీర్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళికలో లేని పాత బకాయిలు, ప్రభుత్వానివైనా సరే, రద్దవుతాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో చెప్పింది. మారటోరియం కాలంలో కస్టమ్స్ శాఖ సుంకం ఎంతో లెక్కగట్టవచ్చు గాని వసూలుకు దిగరాదని 2022 ఆగస్టులో సుందరేశ్ భట్ కేసులో అన్నది. మరుసటి నెలలోనే, రెయిన్‌బో పేపర్స్ కేసులో, గుజరాత్ వ్యాట్ చట్టంలో తొలి హక్కు ఉంది కనుక రాష్ట్రం కూడా తనఖా రుణదాతతో సమానమేనంది. 2023 జూలైలో రామన్ ఇస్పాత్ కేసులో మరో ధర్మాసనం ఆ తీర్పును ఆ కేసు వాస్తవాలకే పరిమితం చేసింది. అత్యున్నత న్యాయస్థానంలోనే ఇంత చర్చ జరిగిన విషయంలో, వేలం ప్రకటన ఒక్కటి చదివి నిర్ణయం తీసుకోవడం క్షేమం కాదు.

దాతలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, పన్ను విచారణ సాగుతుండగా ఆస్తిని ఇతరులకు బదిలీ చేస్తే, పన్ను బకాయి మేరకు ఆ బదిలీ చెల్లదు. తగిన ప్రతిఫలం ఇచ్చి, విచారణ సంగతి తెలియక కొన్నవారికి అందులో రక్షణ ఉంది. దానంలో ప్రతిఫలం ఉండదు కనుక దానంగా పుచ్చుకున్న సంస్థకు ఆ రక్షణ అందదు. అధికారి అనుమతి ముందుగా తీసుకుంటే చిక్కు ఉండదు. అయితే బదిలీ చెల్లదని ప్రకటించే అధికారం ట్యాక్స్ రికవరీ ఆఫీసరుకు లేదని, ఆ శాఖ సివిల్ కోర్టులో దావా వేసుకోవాలని 1998లో గంగాధర్ విశ్వనాథ్ రనడే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మరో కోర్టు, మరికొన్నేళ్లు. ఆ కాలమంతా బడి కట్టవలసిన స్థలం వ్యాజ్యంలోనే ఉంటుంది.

కాబట్టి కొనే ముందు, రాసిచ్చే ముందు కొన్ని పనులు తప్పకుండా చేయాలి. ఈసీ తీయించడంతో సరిపెట్టుకోకుండా సెర్సాయిలో వెతికించాలి. పన్ను శాఖల జప్తు ఉత్తర్వులు కూడా అక్కడ నమోదు కావచ్చు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 22-ఏ నిషేధిత జాబితా చూడాలి. పాత యజమాని జీఎస్టీ, ఆదాయపు పన్ను బకాయిల గురించి బ్యాంకునో లిక్విడేటర్‌నో రాతపూర్వకంగా అడగాలి. ప్రకటనలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఉంటే, తెలియని బకాయిల భారం కూడా కొన్నవారి మీద పడవచ్చని అర్థం చేసుకోవాలి. సర్ఫేసీ వేలంలో పాట ఖాయమైన వెంటనే 25 శాతం కట్టాలి. మిగతాది గడువులోగా కట్టకపోతే ఆ సొమ్ము కూడా పోతుంది. అందుచేత విచారణ అంతా పాటకు ముందే జరగాలి.

ఆస్తి రాసిచ్చే దాతలు తమ పన్ను విచారణలేవైనా పెండింగులో ఉంటే ఆ సంగతి సంస్థకు ముందే చెప్పాలి. అవసరమైతే అధికారి అనుమతి పత్రాన్ని దస్తావేజుకు జతచేయాలి. స్వీకరించే సంస్థ కూడా మొహమాటపడకుండా ఆ ప్రశ్న అడగాలి. అలా అడిగినందుకు దాతను శంకించినట్టు కాదు. ఇచ్చినవారి తర్వాత కూడా ఆ ఆస్తి ఇచ్చిన పనికే నిలవాలంటే ఈ జాగ్రత్త అవసరం.